నిలబడటం, నిలబెట్టడం

(జహీరాబాద్‌లో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి స్మృత్యర్థం జరిగిన సభలో చేసిన ఉపన్యాస పాఠం)

ఇవ్వాళ తలుచుకుంటున్న సారును పేరుపెట్టి చెప్పుకునే అలవాటు ఈ ఊళ్లో ఎవరికీ లేదు. పెద్దసారు అంటే చాలు. నేనూ అలాగే అంటాను.

నిర్వాహకులు నాకు మొదట ‘జాతీయ సమైక్యత’ అనే అంశం ఇచ్చారు. దాని మీద ఎవరైనా, ఎంతసేపైనా, ఎవరికీ నొప్పి తగలకుండా మాట్లాడొచ్చు. అందుకే వద్దన్నాను. ఇంకా చిన్న ప్రశ్న ఒకటి తీసుకుంటానన్నాను. జనగణమన వినిపిస్తే లేచి నిలబడాలని పక్కమనిషి నుంచి మనం ఆశించవచ్చా? ఆశించి, అతను లేవకపోతే, ఏం చేయాలి? మొదటి సగానికి జవాబు తేలిక. గొడవంతా రెండో సగంలోనే ఉంది.

ఈ ప్రశ్న అడగటానికి జహీరాబాద్ తగిన చోటు. 1956 దాకా మన తాలూకా బీదర్ జిల్లాది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నిర్ణా సర్కిల్‌ను అటు వదిలేసి, మిగతా తాలూకాను, దానితోపాటు న్యాల్‌కల్ సర్కిల్‌ను, నారాయణఖేడ్ తాలూకాను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. అంతకు ముందు హైదరాబాద్ రాష్ట్రం, దానికి ముందు నిజాం రాజ్యం. 2014 నుంచి తెలంగాణ. అంటే ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరు దాటని మనిషి కూడా నిజాం గీతానికి నిలబడ్డాడు, జనగణమనకు నిలబడ్డాడు, శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ నిలబడ్డాడు, బతికుంటే 2024 జూన్ 2 తర్వాత అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’కూ నిలబడ్డాడు. మనిషి అక్కడే ఉన్నాడు, పాటలే మారాయి.

పెద్దసారు ఉర్దూ మీడియం బడిలో అక్షరాలు దిద్ది, తెలుగు మీడియం బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన తరంలో అది వింత కాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడి కలకాలం సాగాలని కోరే ఉర్దూ గీతానికి చిన్నప్పుడు రోజూ పొద్దున నిలబడేవాళ్లమని చెప్పేవారు. ఆ సంగతి ఆయన దాచలేదు, దాని మీద కథలూ అల్లలేదు. పాట బాగుండేదనేవారు. నిలబడకపోతే ఏమయ్యేదని ఒకసారి అడిగితే, “ఎవడు ప్రయత్నించి చూశాడయ్యా?” అన్నారు.

ప్రయత్నించి చూసినవాళ్లు ఉన్నారు, ఇంకో రకంగా. 1938 చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడేవారు. పాడొద్దని అధికారులు ఆజ్ఞాపించారు. వాళ్లు మానలేదు. ముందు హాస్టళ్ల నుంచి, తర్వాత చదువుల నుంచే వెళ్లగొట్టారు. సమ్మె వరంగల్, గుల్బర్గా, ఔరంగాబాద్ కాలేజీల దాకా పాకింది. నాగపూర్ విశ్వవిద్యాలయం ఎంతోమందికి చోటిచ్చి చదువు నిలబెట్టింది. అలా చదువు పోగొట్టుకుని సరిహద్దు దాటినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. జైల్లో కొరడా దెబ్బ దెబ్బకూ వందేమాతరం అని అరిచిన రామచంద్రరావుకు ఆ మాట ఇంటిపేరైపోయింది.

ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే దాన్ని చెప్పేటప్పుడు సగం దగ్గర ఆపేస్తాం. అదే పాటలోని తర్వాతి చరణాలు తమ విశ్వాసానికి ఇబ్బంది అని అనుకున్న ముస్లింలు దేశమంతటా ఉన్నారు. అందుకే 1937లో కాంగ్రెస్ కార్యవర్గం సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. హైదరాబాదులో పాడనివ్వకపోవటం అన్యాయం. ఇంకోచోట, ఇష్టం లేనివాడి చేత పాడించటం కూడా ఆ అన్యాయానికి చుట్టమే. నిజాం సర్కారు తప్పు వందేమాతరాన్ని ఎంచుకోవటంలో లేదు. ఒక పాట విషయంలో విద్యార్థి నోటి మీద తనకు హక్కుందనుకోవటంలో ఉంది.

1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక పాట మారింది. ఆ మార్పును మన బీదర్ వైపు చూడటం వేరు, ఢిల్లీ నుంచి చూడటం వేరు. రజాకార్ల దాడులు చూసిన పల్లెలకు అది ఊపిరి తిరిగి వచ్చిన రోజు. ఆ వెంటనే ముస్లింల మీద జరిగిన ప్రతీకారంలో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందమే రాసింది. మొత్తం మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 దాకా ఉండొచ్చని ఆ బృందం అంచనా. మన తాలూకా అప్పుడు బీదర్‌లో ఉందని ఇందాకే చెప్పాను. కొత్త పాటకు లేచి నిలబడటం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ ఒకేలా ఉండి ఉండదు. అయినా నిలబడ్డారు. కొందరు ఆనందంతో, కొందరు భయంతో, ఇంకొందరు కాలక్రమంలో ఆ పాట తమదే అనిపించి. బయటికి అందరూ ఒకేలా కనిపించి ఉంటారు. నిలబడ్డ మనిషిని చూసి లోపల ఏముందో చెప్పలేం. ఈ ఒక్క విషయం మనకు ముందే తెలిసి ఉంటే, తర్వాత దేశంలో జరిగిన రభసలో సగం జరిగేది కాదు.

నిజానికి జనగణమనతో మన తెలుగువాళ్లకు బంధుత్వం గట్టిదే. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్‌లో మొదటిసారి పాడిన ఆ పాటను టాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ కాలేజీలో తానే పాడి వినిపించారు. అక్కడే ఉండి ఇంగ్లీషులోకి మార్చారు. ఆ బాణీకి మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసింది కూడా అక్కడే. అప్పటికది ఏ దేశానికీ జాతీయగీతం కాదు. రాజ్యాంగ సభ దాన్ని ఆ పీఠం మీద కూర్చోబెట్టింది 1950 జనవరి 24న. ఇంకో చిన్న సంగతి, దారి తప్పినా చెప్పేస్తాను. బళ్లో జాతీయగీతంతోపాటు నిలబడి చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాసింది నల్లగొండ జిల్లా మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు. తెలుగులో రాసింది దేశమంతా తర్జుమాలో చెబుతోంది. రాసినాయన పేరు చాలా ఏళ్ల పాటు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. గౌరవం గురించి మాట్లాడే దేశంలో ఇలాంటివి జరుగుతుంటాయి.

ఇక గీతం పాడనందుకు కోర్టుదాకా వెళ్లిన అసలు వ్యాజ్యానికి వద్దాం. దాని మీద తీర్పు రాసింది కూడా మన తెలుగు జడ్జి, అనంతపురం జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి.

కేరళలో కొట్టాయం దగ్గర కిడంగూర్ హైస్కూల్లో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు, ఒకే ఇంటివాళ్లు. జనగణమన పాడేటప్పుడు మిగతావాళ్లతో పాటు మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. తమ దేవుడికి తప్ప ఎవరికీ స్తుతిగీతం పాడకూడదని వాళ్ల విశ్వాసం. అంతకు ముందు వాళ్ల అక్కలూ అదే బడిలో అలాగే చేశారు. ఏళ్ల తరబడి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడి కంట్లో ఇది పడింది. అసెంబ్లీలో ప్రశ్న వేశారు. విచారణ సంఘం వచ్చింది. పిల్లలు బుద్ధిమంతులేనని, అమర్యాదేమీ లేదని ఆ సంఘమే రాసింది. అయినా జూలై 26న ముగ్గురినీ బడి నుంచి తీసేశారు. హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు. పాటలో మతానికి అడ్డొచ్చే మాట ఏముందని హైకోర్టు ప్రతి పదం వెతికి చూసి, ఏమీ లేదంది.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, అంటే జస్టిస్ చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్, ఆ తీర్పును కొట్టేశారు. వెతకాల్సింది పాటలో ఏముందని కాదన్నారు. పిల్లల విశ్వాసం నిజమైనదేనా, దాన్ని అడ్డుకునే చట్టం ఏదైనా ఉందా, ఇవీ చూడాల్సినవి. జాతీయగీతం పాడి తీరాలని చెప్పే చట్టం లేదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం శిక్షించేది పాడనివ్వకుండా అడ్డుపడినవాళ్లను, పాడే సభలో అల్లరి చేసినవాళ్లను. నోరు మూసుకుని నిలబడటం ఆ రెండింట్లో ఏదీ కాదు. పిల్లల్ని మళ్లీ చేర్చుకోమన్నారు. చివర్లో సహనం గురించి రాసిన నాలుగు వాక్యాలను మన లా కాలేజీల్లో కంఠస్థం చేయిస్తారు. నాకు వాటికన్నా తీర్పు మొదట్లో కథ చెప్పిన తీరు ఎక్కువ ఇష్టం. ఆ శాసనసభ్యుణ్ని చిన్నప్పరెడ్డి ఒక దేశభక్త పెద్దమనిషి అని మాత్రమే అంటారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అక్కర్లేదు కూడా.

అయితే ఈ తీర్పును మన ప్రశ్నకు జవాబుగా చూపించేవాళ్లు సరిగ్గా చదవలేదనే అంటాను. ఆ పిల్లలు నిలబడ్డారు. జాతీయగీతం పాడుతున్నప్పుడు నిలబడటమే తగిన గౌరవమని తీర్పు స్పష్టంగానే చెప్పింది. నిలబడ్డారు కనకే పాడకపోయినా గౌరవానికి లోటు రాలేదంది. కూర్చున్నవాడి సంగతి ఆ రోజు ఆ కోర్టు ముందు లేదు.

కూర్చున్నవాడు కోర్టుకెక్కింది సినిమాహాలు దారిలో. చైనా యుద్ధం తర్వాత కొన్నేళ్లు ఆట ముగిశాక తెర మీద జాతీయజెండా, జనగణమన వచ్చేవని ఇక్కడున్న పెద్దలకు గుర్తుండాలి. జనం తలుపుల వైపు పరుగెత్తేవారు. చివరికి దాన్ని మానేశారు. ఎవరినీ అరెస్టు చేయలేదు, దేశమూ పడిపోలేదు. తర్వాత భోపాల్ విశ్రాంత ఇంజినీరు ఒకాయన ‘కభీ ఖుషీ కభీ గమ్’ చూస్తుండగా కథలో భాగంగా జనగణమన వచ్చింది. ఆయన లేచి నిలబడ్డారు, వెనకవాళ్లు గోల చేశారు. ఆయన మధ్యప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2003లో జస్టిస్ దీపక్ మిశ్రా ఆయనకు అనుకూలంగా చెప్పారు, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తమాషా ఏమిటంటే కేంద్ర హోంశాఖ నియమావళి అప్పటికే ఒక దారి చూపించింది. న్యూస్‌రీల్‌లోనో డాక్యుమెంటరీలోనో గీతం భాగంగా వస్తే ప్రేక్షకులు నిలబడనక్కర్లేదు, నిలబడితే గందరగోళమే తప్ప గీతానికి గౌరవం పెరగదు అని. ఎవరో అనుభవమున్న గుమాస్తా రాసి ఉంటాడు. ఆ వాక్యంలో ఉన్నంత లోకజ్ఞానం తర్వాతి ఆదేశాల్లో నాకు కనపడలేదు.

2016 నవంబర్ 30న మళ్లీ అదే పిటిషనరు, సుప్రీంకోర్టులో మళ్లీ అదే జడ్జి. ఈసారి దేశంలోని ప్రతి హాల్లో ప్రతి ఆటకు ముందు గీతం వేయాలి, అందరూ నిలబడాలి, ఆ సేపు తలుపులు మూసి ఉంచాలి అని ఆదేశం. ఢిల్లీ ఉపహార్ హాలు మంటల్లో 1997లో 59 మంది పోయిన దేశంలో తలుపులు మూయమనటం! పది రోజుల్లోనే తలుపులకు గడియ పెట్టనక్కర్లేదని, వికలాంగులు లేవనక్కర్లేదని సవరించారు. ఆ ఆదేశం తర్వాత కొందరు ప్రేక్షకులు తామే పోలీసులయ్యారు. చెన్నైలో కూర్చున్నవాళ్లను కొట్టారు. తిరువనంతపురం చలనచిత్రోత్సవంలో అరెస్టులు జరిగాయి. ఆ ఆదేశానికి కొద్దివారాల ముందే గోవాలో వెన్నెముక దెబ్బతిని లేవలేని ఒక రచయిత, తనను సినిమాహాల్లో వెనకనుంచి కొట్టిన సంగతి బయటపెట్టాడు. మన హైదరాబాదులో 2017 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చి చదువుకుంటున్న ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థుల మీద, సినిమాహాల్లో లేవలేదని 1971 చట్టం కింద కేసు పెట్టారు. ఆ చట్టంలో లేవకపోవటం నేరమని ఎక్కడుందో మరి. చివరికి 2018 జనవరి 9న సుప్రీంకోర్టు తన ఆదేశాన్ని తానే మెత్తబరిచింది. హాల్లో గీతం వేయటం తప్పనిసరి కాదు, వేస్తే మాత్రం నిలబడాలి అంది.

అమెరికాలో ఇదే కథ అంతకు డెబ్బై ఏళ్లకు పైగా ముందే నడిచింది. బళ్లో జెండాకు వందనం చేయని పిల్లలను తీసేయొచ్చని 1940లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో యెహోవా సాక్షుల మీద గుంపులు దాడి చేశాయి. మూడేళ్లకే, ప్రపంచయుద్ధం నడుమ, పిల్లలు యూనిఫాంలో కాదు తండ్రులు యూనిఫాంలో ఉన్న కాలంలో, కోర్టు తన తీర్పును తానే తిరగేసింది. ఇవ్వాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదివే మన తెలుగు పిల్లలకు ఏ టీచరూ బలవంతంగా ప్రతిజ్ఞ చెప్పించలేకపోవటం ఆ 1943 తీర్పు పుణ్యమే. అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. 2016లో ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ నల్లవాళ్ల మీద పోలీసుల హింసకు నిరసనగా, జాతీయగీతం వేళ లేవకుండా మొదట కూర్చున్నాడు. ఒక మాజీ సైనికుడితో మాట్లాడాక, అది ఇంకొంచెం మర్యాదగా ఉంటుందని మోకాలి మీద కూర్చోవటం మొదలుపెట్టాడు. చట్టం అతన్ని ఏమీ చేయలేదు. 2017 నుంచి ఏ జట్టూ తీసుకోలేదు, అంతే.

సైన్యంలో పనిచేసి వచ్చిన మిత్రుడొకడు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. పూర్తి గీతం 52 సెకన్లు. 52 సెకన్లు నిలబడటానికి ఇన్ని తీర్పులా, ఇన్ని ఉపన్యాసాలా అంటాడు. నిజాం పాటతో పోల్చొద్దంటాడు. అది రాజు కోసం, ఇది రాజు లేని దేశం కోసం, దీనికి లేవటమంటే ఒకరికొకరం లేచి నిలబడటం అంటాడు. ఈ వాదనకు నా దగ్గర ఎదురు లేదు. నేను నిలబడేది కూడా అందుకే. జాతీయగీతానికి నిలబడటం ఈ దేశంలో మర్యాద, అది అందరూ పాటిస్తే నాకు ఆనందం, పిల్లలకు నేర్పాలి, కారణం చెప్పి నేర్పాలి. 1976 రాజ్యాంగ సవరణ జాతీయగీతాన్ని గౌరవించటాన్ని ప్రాథమిక విధుల్లో చేర్చింది. అక్కడి దాకా మిత్రుడితో కలిసే నడుస్తాను. అతను ఇంకో అడుగు వేసి, లేవనివాడిని లేపాలి అంటాడు. అక్కడ ఆగిపోతాను. పెళ్లికి రానివాణ్ని ఇంటికెళ్లి రెక్క పట్టి లాక్కొచ్చి పంక్తిలో కూర్చోబెడితే, వాడు తింటాడేమో గానీ పెళ్లికి వచ్చినట్టు కాదు.

ఇంకో సంగతి అతనికి చెబితే నవ్వాడు గానీ కాదనలేదు. మన బళ్లలో ప్రార్థనకు ముందు డ్రిల్లు సారు ‘సావధాన్’ అంటాడు. సావధాన్ అంటే మడమలు కలిపి, చేతులు కిందికి దించి, చూపు నేరుగా ముందుకు. మెడ తిప్పకూడదు. గీతం నడుస్తుండగా హాల్లో ఎవరు లేచారో ఎవరు లేవలేదో ఒకడికి తెలిసిందంటే, వాడు మెడ తిప్పి చూశాడన్నమాట. ఆ 52 సెకన్లలో మర్యాద ముందు తప్పింది వాడే. కిడంగూర్ బడిలోనూ గొడవ మొదలైంది పిల్లల వల్ల కాదు, చుట్టూ చూసిన పెద్దమనిషి వల్ల. గోవాలోనూ అంతే.

మన రాష్ట్రంలోనే జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ పొద్దున ఎనిమిదికి కాస్త ముందు కూడళ్లలో మైకుల నుంచి జనగణమన వస్తోంది. స్థానిక పోలీసులు మొదలుపెట్టారు. ట్రాఫిక్ ఆగుతుంది, బండ్లు దిగి నిలబడతారు. 2021 జనవరి 23 నుంచి నల్లగొండలోనూ ప్రధాన కూడళ్లలో అలాగే నడుస్తోంది. అక్కడివాళ్లు ఇష్టంగా చేస్తున్నామంటారు, నమ్ముతాను. నాకున్న సందేహం ఒక్కటే. రోజువారీ అలవాటయ్యాక, ఆగని బండివాడిని చూసే చూపు మెల్లగా మారుతుంది. థాయిలాండ్‌లో పొద్దున 8కి, సాయంత్రం 6కి ఇలాగే ఊళ్లు ఆగుతాయి. అక్కడి సినిమాహాళ్లలో రాజుగారి గీతానికి లేవనందుకు రాజును అవమానించారన్న కేసు పెట్టిన ఉదంతం కూడా ఉంది. మైకు పెట్టినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. మైకు ఉద్దేశాన్ని బట్టి నడవదు.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కనక, పనికొచ్చేది ఒకటి మాట్లాడి ఆపేస్తాను. రేపు మీ ప్రార్థనలో ఒక పిల్ల నేల మీద కూర్చుండిపోయిందనుకోండి. పెద్దసారు ఏం చేసేవారో మీకూ తెలుసు. గీతం అయ్యేదాకా కదిలేవారు కాదు. అయ్యాక ఆ పిల్లను పిలిచి, పొద్దున ఏమన్నా తిన్నావా అని అడిగేవారు. చెరుకు నరికే రోజుల్లో తల్లిదండ్రులు తెల్లవారకముందే పనికి పోయే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు చాలాసార్లు తిని ఉండరు. కొన్నిసార్లు జ్వరం, కొన్నిసార్లు ఆడపిల్లలు చెప్పుకోలేని నొప్పి. నూటికి తొంభై కేసులు అక్కడే తీరిపోతాయి.

మిగిలినవి కష్టమైనవి. పిల్ల తిన్నది, ఆరోగ్యంగా ఉంది, ఇంట్లో మతపరమైన అభ్యంతరం కూడా లేదు, కావాలనే కూర్చుంది. చిన్నప్పరెడ్డి తీర్పు ఆమె దాకా నేరుగా రాదు, ఆ పిల్లలు నిలబడ్డారు కనక. 2018 ఆదేశం సినిమాహాళ్లది. నిలబడకపోవటం అగౌరవం కావచ్చు గానీ 1971 చట్టం కింద నేరం కాదని 2021లో జమ్మూ కశ్మీర్ హైకోర్టు చెప్పింది. అంటే మీ బడి మైదానంలో ఆ పిల్ల ముందు మీరే ఉంటారు, పోలీసులు కాదు. ఎందుకు కూర్చున్నావని అడగండి. చెప్పింది చివరిదాకా వినండి. ఊళ్లో జరిగినదేదో ఉంటే ఉండొచ్చు, మనకు తెలియనిది. తర్వాత మీరెందుకు నిలబడతారో చెప్పండి. 1938లో పాడినందుకు చదువు పోయినవాళ్ల కథ, 1985లో పాడనందుకు చదువు పోయినవాళ్ల కథ, రెండూ చెప్పండి. మర్నాడు లేస్తుందో లేదో నాకు తెలియదు. లేవకపోతే ఇంకోసారి మాట్లాడండి. టీసీ మాత్రం రాయకండి.